అబద్ధమాడిన నాలుక

మృద్వీకాపురపు రాజభవనంలో విందుల మండపానికి పైకప్పు లేదు. పైకప్పు ఉండవలసిన చోట ఒకే ఒక్క ద్రాక్షతీగ పాకి ఉంది. దాని మొదలు ఏనుగు కాలంత లావు. దాని కొనలు కోటగోడ దాటి అగడ్త మీదికి వేలాడుతున్నాయి. మధ్యాహ్నపు ఎండ ఆ గుత్తుల్లోంచి వడగట్టుకొని వచ్చి, కింద పరిచిన తెల్లటి తివాచీల మీద ఎర్రగా, పచ్చగా, ఊదాగా పడుతోంది. పండ్లు పొడవకుండా ముక్కులకు పట్టుదారం చుట్టిన నెమళ్ళు అతిథుల మధ్య తోకలీడ్చుకుంటూ అలిగినట్టు తిరుగుతున్నాయి. పక్కన వంటశాలలోంచి కాల్చిన కంజుపిట్టల పొగ, నేతిలో వేగుతున్న జీలకర్ర వాసన, మాగిన పనసతొనల వాసన కలిసి పందిరంతా కమ్ముకున్నాయి.

ఆ వాసనల మధ్య, వర్తకుడి వేషంలో, పెట్టుడు గడ్డంతో, తామ్రగిరి రాకుమారుడు నీలాంగదుడు తల వంచుకొని కూర్చున్నాడు. అతని పక్కన జరీ తలపాగా కింద చెమటలు కక్కుతూ కల్లుగీసే కాటన్న కూర్చున్నాడు.

"దొరా, గీ గిన్నె సూస్తివా? పిట్టకు నీళ్ళు పెట్టినట్టున్నది" అన్నాడు కాటన్న, తన ముందున్న బంగారు పాత్రను వేలితో దొర్లిస్తూ.

"దొర అనకు. శెట్టి అను."

"శెట్టీ, గీ గిన్నె సూస్తివా? మా దిక్కు ముంత ఎత్తితే దించుడే. ఇక్కడ ఒక్క చుక్క పోసి వంద ముచ్చట్లు చెప్తరట."

ఆ చుక్క కోసమే వాళ్ళిద్దరూ అడవులూ కొండలూ దాటి వచ్చారు. ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు తామ్రగిరి బావుల్లో తన మంత్రపు పొగ వదిలాడు. ఆనాటి నుంచి ఊళ్ళో నీళ్ళు కాలకూటంలా చేదెక్కాయి. పశువులు కుడితి ముట్టడం లేదు. కాటన్న ఇంట్లో పసిబిడ్డ చనుబాలు సైతం కక్కుతోంది. దానికి విరుగుడు ఈ లోకంలో ఒక్కటే. అది మృద్వీకాపురంలో ఒక జాడీలో దాచి ఉంచిన నాగద్రాక్షాసవం. ఆ జాడీని రాణి వారుణీదేవి అమ్మదు, దానమివ్వదు. ఏటా పంటకోత ముగిసిన నాడు వర్తకుల కోసమే జరిపే పానగోష్ఠిలో గెలిచిన జంట కోరితేనే ఇస్తుంది.

నీలాంగదుడు తప్పక గెలుస్తాడని తామ్రగిరిలో అందరికీ నమ్మకం. ఒక గుక్క తాగి ఏ బావి నీరో చెప్పగలడు. ఒక చుక్క నాకి తేనెటీగలు ఏ పూలమీద వాలాయో చెప్పగలడు. అలాంటి నాలుక అతనిది.

ఆ నాలుక మీద ఇప్పుడు రుచి లేదు. ఆ సంగతి కాటన్నకు తెలియదు.

దారిలో ధూమ్రజిహ్వుడి గుహ దగ్గర జరిగిన పని అది. మాంత్రికుడు రాకుమారుణ్ణి పొగతాళ్ళతో కట్టి తలకిందులుగా వేలాడదీశాడు. "కత్తి పట్టే చెయ్యి ఇస్తావా, నాలుక మీది రుచి ఇస్తావా? ఏదో ఒకటి ఇచ్చి పో" అన్నాడు. గుహ బయట కాటన్న ఒక్కడూ రాతితోడేళ్ళతో పోరాడుతూ, "దొరా, వస్తున్నా! భయపడకు!" అని కేకలు పెడుతున్నాడు. ఆ కేకలు వినబడుతుండగానే నీలాంగదుడు ఏడ్చి, "రుచి తీసుకో, నన్ను వదిలిపెట్టు" అని బతిమాలాడు. బయటికి వచ్చాక మాత్రం, "కత్తి దూయగానే పారిపోయాడు పిరికిపంద" అన్నాడు. కాటన్న నెత్తురోడుతున్న చేతులతో అతన్ని కౌగిలించుకున్నాడు. అప్పటి నుంచి దారిలో కనబడిన ప్రతివాడికీ ఆ కథే చెబుతూ వస్తున్నాడు.

ఇప్పుడు కూడా పక్క జంటకు అదే చెబుతున్నాడు. "మా శెట్టి కత్తి దూసిండు, వాడు తోకముడిసిండు! పొగల పొగైపోయిండు!"

ఎదురు తివాచీ మీద ఒక ముసలి వర్తకుడు కూర్చొని ఉన్నాడు. చెవులకు పచ్చల పోగులు, పొట్ట మీదికి దిగిన తెల్లటి గడ్డం. అతని జతగాడు లావుపాటి మనిషి. వచ్చినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. కాటన్న చెప్పిన కథ విని ముసలివాడు మీసం చాటున నవ్వాడు. నీలాంగదుడి చెవులు వేడెక్కాయి.

గంట మోగింది. రాణి వారుణీదేవి ఆసనం మీంచి లేచింది. తల నెరిసినా నడుం వంగని మనిషి.

"అతిథులారా! మా దేశంలో ఎవరూ ఒంటరిగా తాగరు. జంటలో ఒకరు నాలుక, ఒకరు నమ్మిక. నాలుక ఆసవాన్ని రుచి చూసి ఉమ్మివేయాలి. అది ఎలా ఉందో, దాని పక్కన ఏ వంటకం తినాలో చెప్పాలి. నమ్మిక కళ్ళకు గంత కట్టుకొని, స్నేహితుడు నోటికి అందించిన ముద్ద తిని, పోసిన ఆసవం తాగాలి. ప్రశ్న అడగకూడదు. అడిగితే స్నేహాన్ని అవమానించినట్టు. అబద్ధమాడిన నాలుక ఏమి చెయ్యాలో మా పిల్లలకు కూడా తెలుసు. పాత్ర బోర్లించి, తలపాగా తీసి, అందరి ముందూ తన తప్పు తానే చెప్పుకోవాలి. మా రాజ్యంలో అంతకంటే పెద్ద శిక్ష లేదు."

ఆమె చూపు నీలాంగదుడి మీద ఆగింది. "ఏమయ్యా, మీరిద్దరూ స్నేహితులేనా?"

అతను నోరు తెరిచేలోగా కాటన్న అందుకున్నాడు. "తల్లీ, ఈయన కోసం పాణమిస్తనమ్మా."

మొదటి ఆసవం వచ్చింది. తెల్లవారుజామున తూర్పు ఎలా ఉంటుందో అలాంటి రంగు. నీలాంగదుడు నాలుక తడిపాడు. నీళ్ళైనా నీళ్ళలా తెలుస్తాయి. ఇది అదీ కాదు. గుడ్డముక్క నోట్లో పెట్టుకున్నట్టుంది. పక్కనున్న ఇత్తడి పళ్ళెంలో ఉమ్మి చుట్టూ చూశాడు.

ఎదుటి ముసలివాడు కళ్ళు మూసుకొని పలికాడు. "వాన వెలిశాక జామతోటలో నడిచినట్టుంది. చివర కాస్త పులుపు. కాల్చిన కంజుపిట్ట తెండి, మిరియం తగ్గించి."

సభ మెచ్చుకుంది. నీలాంగదుడి వంతు రాగానే, "జామ... తడిసిన జామాకు. కంజుపిట్ట" అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. కాటన్న పిట్ట తొడ నమిలి, ఆసవం చప్పరించి, "కల్లుకు కోడిగుడ్డు పొరుటు ఎంతో, దీనికిది గంత!" అని తొడ చరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రాణి కూడా నవ్వింది.

రెండో ఆసవం కావిరంగులో ఉంది. దాన్ని ఆనాడే కాల్చి తెచ్చిన మట్టి పాత్రల్లో పోశారు. ఈసారి మొదట చెప్పవలసిన వంతు నీలాంగదుడిదే. ఎదుటివాడి మాట విని చెప్పే వీలు లేదు. చిక్కగా ఉంది కాబట్టి తియ్యగా ఉంటుందనుకున్నాడు.

"తియ్యన. ముదురు తీపి. నువ్వులుండ తెండి" అన్నాడు గొంతు పెంచి.

నిజానికి అది నోరు పిడచగట్టే వగరు. పక్క తివాచీ మీది ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెల్లంపాకం ఓడుతున్న నువ్వులుండను నీలాంగదుడు స్నేహితుడి నోట్లో పెట్టాడు. మీద ఆసవం పోశాడు. కాటన్న దవడలు ఆగాయి. గంత కింద నుంచి రెండు కన్నీటి చుక్కలు జారాయి. గుటక వేసి, ఊపిరి పీల్చుకొని, పందిరి అదిరేలా అరిచాడు.

"అమృతం! మా శెట్టి నాలుక అంటే నాలుక!"

పగలబడి నవ్వారు అందరూ. కాటన్న కూడా నవ్వాడు, దేనికో తెలియకపోయినా. నీలాంగదుడు తివాచీ కేసి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు ఎదుటి ముసలివాడు ఒక పని చేశాడు. ఆసవం ఉమ్మేశాక ఆ మట్టి పాత్రను కింద పెట్టలేదు. దాని అంచును నాలుకతో తడిమాడు. ఎవరూ చూడటం లేదనుకొని పంటితో చిన్న పెంకు కొరికి, నమిలి, మింగాడు. అతని ముఖం పసిపిల్లాడి ముఖంలా వెలిగింది.

నీలాంగదుడు మాత్రం అది చూశాడు. ఆ ఆశ ఎవరిదో లోకంలో ఇద్దరికే తెలుసు. అతనికి, అతన్ని పెంచిన దాదికి. ఎదుట కూర్చున్నవాడు ధూమ్రజిహ్వుడు! అతని నోట్లో ఉన్నది తన రుచే!

లేచి నిలబడి ఆ మాట అంటే చాలు. కానీ ఆ మాట అనాలంటే గుహలో ఏడ్చిన సంగతి చెప్పాలి. కాటన్న పక్క జంటకు మళ్ళీ అదే కథ మొదలుపెట్టాడు. "మా శెట్టి కత్తి దూసిండు..."

నీలాంగదుడు లేవలేదు.

మూడో ఆసవం కాటుకలా నల్లగా ఉంది. వడ్డించేవాడు కూజాతో ముసలివాడి పక్కగా వెళ్ళినప్పుడు, అతని వేలికున్న పచ్చల ఉంగరం మూత తెరుచుకొని చిటికెడు పొడి కూజాలో పడింది. ఎవరూ చూడలేదు. ఆ కూజా తిన్నగా నీలాంగదుడి ముందుకు వచ్చింది.

అతను నాలుక తడిపి ఉమ్మేశాడు. రాణి ముఖం చూశాడు. ఏమీ దొరకలేదు. "తేనె" అన్నాడు. "అడవితేనె. పనసతొనతో తాగాలి."

కాటన్న నోరు తెరిచాడు. తొన తిన్నాడు. ఒక గుక్క తాగాడు. అతని ఒళ్ళంతా వణికింది.

"దొరా..." అన్నాడు మెల్లగా. వేషం సంగతి మరిచిపోయాడు. "చేదున్నది దొరా. మన ఊరి బాయి నీళ్ళలెక్క చేదున్నది. నీకు తీపి ఎట్లైంది?"

ప్రశ్న అడగడం తప్పని సభలో గుసగుసలు బయలుదేరాయి. కాటన్న ఆ గుసగుసలు విన్నాడు. గంత కట్టిన ముఖాన్ని స్నేహితుడి వైపు తిప్పి, "సరే తియ్. నువ్వు తీపన్నవు గద, తీపే అయ్యుంటది" అని, నీలాంగదుడు ఆపేలోగా, పాత్ర లాక్కొని అడుగుదాకా తాగేశాడు.

పాత్ర చేతిలోంచి జారలేదు. ఎందుకంటే చేతి వేళ్ళు అప్పటికే లేత తీగలై దాన్ని చుట్టేశాయి. పాదాల్లోంచి వేళ్ళు దిగి తివాచీని చీల్చుకొని నేలలోకి దూరాయి. నడుం దాకా బెరడు కట్టింది. భుజాల మీద పచ్చటి ఆకులు విచ్చుకున్నాయి. నెమళ్ళు ముక్కులకున్న దారాలు తెంచుకొని అరుస్తూ ఎగిరిపోయాయి.

"నల్లతీగ విషం!" అని రాణి కేక వేసింది. "ఇది నాలుకకు తగిలితే పసిపిల్లవాడైనా ఉమ్మేసి ఏడుస్తాడు. నువ్వు తేనె అన్నావు! తెలిసే పోశావా?"

భటుల ఈటెలు నీలాంగదుడి గొంతు చుట్టూ చేరాయి. ముసలి వర్తకుడు నిట్టూర్చాడు. "స్నేహితుణ్ణి చంపడానికి స్నేహితుడి చేతికంటే సులువైన దారి ఏముంది, మహారాణీ? గెలిచింది నేనే కదా. ఆ జాడీ ఇప్పించండి. నా దారిన పోతాను."

గంత జారిపోయిన కాటన్న కళ్ళు నీలాంగదుణ్ణే చూస్తున్నాయి. వాటిలో కోపం లేదు. "దొరా, తెలియక అన్నవని చెప్పు. చెప్పు దొరా" అంటున్నాడు. బెరడు ఛాతీకి ఎక్కుతోంది.

నీలాంగదుడు పాత్ర తీసి బోర్లించాడు. తలపాగా తీశాడు. పెట్టుడు గడ్డం పీకి పారేశాడు.

"నేను శెట్టిని కాను. తామ్రగిరి రాకుమారుణ్ణి. నా నాలుక మీద రుచి లేదు. మొదటి పాత్ర నుంచీ అబద్ధమే ఆడాను" అన్నాడు. మాటలు తడబడ్డాయి. అయినా ఆపలేదు. "నేను కత్తి దూయలేదు కాటన్నా. నువ్వు బయట తోడేళ్ళతో పోరాడుతుంటే, నేను లోపల ఏడ్చి, కాళ్ళావేళ్ళా పడి, నా రుచి ఇచ్చి బయటపడ్డాను. ఆ సంగతి నీకు తెలియకూడదని ఇక్కడ నీ నోట్లో విషం పోశాను."

కాటన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గొంతు దగ్గరి ఈటెల కంటే అదే లోతుగా దిగింది.

"నా రుచి ఇదిగో, ఈ ముసలివాడి నోట్లో ఉంది. వీడు ధూమ్రజిహ్వుడు."

"నిదర్శనం?" అంది రాణి.

"నిదర్శనమట!" ముసలివాడు గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "విషం పోసినవాడు చెప్పే కథకు నిదర్శనం కూడానా?"

నీలాంగదుడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఇంకొక్కటి మిగిలింది చెప్పడానికి. అది గుహ కథకంటే చిన్నది. చెప్పడానికి మాత్రం అంతకంటే కష్టం.

"మహారాణీ, చిన్నప్పుడు నేను... మట్టి తినేవాణ్ణి. మీసం మొలిచేదాకా మానలేదు. మా దాది నా చేతులకు గుడ్డలు కట్టి పడుకోబెట్టేది. మొన్న రుచి పోయేదాకా తడిమట్టి కనబడితే ఈ నాలుక ఆగేది కాదు. గురువులు, మంత్రులు, మా నాన్నగారు, ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీ అందరికీ తెలిసింది. ఆ తీగ మొదట్లో మట్టి తడిపి వీడి ముందు పెట్టండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత సభంతా నవ్వింది. రాకుమారుడు ఆ నవ్వుల మధ్య తల వంచుకొని నిలబడ్డాడు.

దాసి ఒకతె పళ్ళెంలో మట్టిముద్ద తెచ్చి నీళ్ళు చల్లింది. తొలకరి వాసన గుప్పుమంది. ముసలివాడు పెదవులు బిగించాడు. ముక్కుపుటాలు అదిరాయి. గడ్డం మీదికి చొంగ కారింది. "నాకక్కరలేదు, తీసెయ్యండి!" అన్నాడు. అంటూనే రెండు చేతులూ పళ్ళెం మీదికి పోయాయి. ముద్ద ఎత్తి, కళ్ళు మూసుకొని, ఆవురావురుమని నోట్లో కుక్కుకున్నాడు.

"ఓసోస్! మహావర్తకుడు మన్ను బుక్కుతున్నాడే!" అని ఎవరో అరిచారు.

ఆ మాటకు మాంత్రికుడు కళ్ళు తెరిచాడు. తనను చూసి నవ్వుతున్న ముఖాలు చూశాడు. మన్ను నిండిన నోటితో గర్జించాడు. పచ్చల పోగులు పగిలిపోయాయి, తెల్లగడ్డం పొగై లేచింది, పొడుగాటి బూడిదరంగు నాలుక బయటపడింది. పక్కనున్న లావుపాటి జతగాడు వెనక్కి ఒరిగి, కుట్లు తెగి, గడ్డిబొమ్మై రాలిపోయాడు. ఈ విశాల భూమ్మీద ధూమ్రజిహ్వుడికి జతగా కూర్చోవడానికి మనిషి దొరకలేదు.

ఈటెలు విసిరేలోగా వాడు పొగస్తంభమై రాణి ఆసనం దగ్గరికి ఎగిరాడు. నాగద్రాక్షాసవపు జాడీని లాక్కొని, పెద్దతీగ మొదట్లో ఉన్న నేలమాళిగ బిలంలోకి దూకాడు.

"కాటన్న ఎలా బతుకుతాడు?" అని నీలాంగదుడు అరిచాడు.

"ఆ జాడీలోని చుక్కే విరుగుడు" అంది రాణి. "ఆకులు వాడకముందు గొంతులో పడితే మళ్ళీ మనిషవుతాడు. వాడిపోతే ఇక ఎండుకట్టే. బిలం అడుగున ఆసవపు ఏరు పారుతుంది. అందులోకి దిగి తిరిగి వచ్చినవాణ్ణి నేనెరుగను."

నీలాంగదుడు మోకాళ్ళ మీద పడి చేతులతో నేల తవ్వాడు. గోళ్ళు చిట్లాయి. వేళ్ళు తెగకుండా, మన్నుతో సహా కాటన్నను పెకలించి, తన జరీ అంగవస్త్రంలో చుట్టి, వీపుకు కట్టుకున్నాడు. తీగలు అతని మెడను ఒరుసుకున్నాయి. కాటన్న బరువుగా ఉన్నాడు.

బిలంలోకి దూకాడు. చల్లటి చీకటి, పులిసిన ద్రాక్షల ఘాటు, ఎక్కడో నీళ్ళ హోరు. కాళ్ళ కింద మెట్లు ఒక్కొక్కటే కరిగి పొగవుతున్నాయి. రాతితోడేలు ఒకటి గోడలోంచి తల బయటపెట్టి మీదికి లంఘించింది. నీలాంగదుడు కత్తి దూశాడు. ఈసారి నిజంగానే దూశాడు. చూసి చెప్పడానికి ఎవరూ లేరు. తోడేలు రెండు బండలై దొర్లింది. దాని మీంచి పరుగెత్తాడు.

"దొరా" అన్న గొంతు వినబడింది చెవి పక్కనే.

"చెప్పు కాటన్నా!"

"గుహల ఏడ్చినవని నాకెందుకు చెప్పలే? నవ్వుతననుకున్నవా?"

"అవును."

"నవ్వేటోణ్ణే" అన్నాడు కాటన్న. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "తెల్లారినాక మర్చిపోయేటోణ్ణి."

మెట్లు అయిపోయాయి. ముందు అగాధం. అడుగున నల్లటి ఏరు సుడులు తిరుగుతోంది. దాని మీద, పొగతెప్పపై నిలబడి, జాడీ చంకన పెట్టుకున్న ధూమ్రజిహ్వుడు దూరమైపోతున్నాడు. నీలాంగదుడి చెంపను ఒరుసుకుంటూ ఒక ఆకు రాలింది. దాని అంచు వాడిపోయి ఉంది.

"కాటన్నా! మాట్లాడుతూ ఉండు. ఆపకు!"

"నేను నీతోని మాట్లాడ. చానా తిట్లున్నయి నోట్లె. బతికితే తిడత."

"బతుకు. బతికి తిట్టు" అని, నీలాంగదుడు మెడ చుట్టూ ఉన్న తీగలను గట్టిగా పట్టుకొని, ఆ సుడిలోకి దూకాడు.